ఉత్తుత్తి పే స్లిప్పులు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్లో ఏడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగుల జీతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ నేర్పుతాను. నాకు మాత్రం జీతం లేదు, బ్యాచ్‌కి ఇంత అని ఫీజు. చేరిన రోజే యజమాని రెండు దారులు చెప్పాడు. బ్యాంకులో వేస్తే పదోవంతు పన్ను కింద పట్టుకుంటాడు, చేతికి తీసుకుంటే మొత్తం ఇస్తాడు. నేను తెలివైనవాణ్ణి కాబట్టి చేతికే తీసుకున్నాను.

క్లాసులో సాధన చెయ్యడానికి ఒక ఉద్యోగి కావాలి. ఎవరి పేరో ఎందుకని నా పేరే పెట్టాను. కంపెనీ అన్నచోట మా సెంటర్ పేరు. బేసిక్, అలవెన్సులు, పీఎఫ్ అన్నీ నాకు నేనే ఉదారంగా వేసుకున్నాను. ప్రింటు తీసిన పే స్లిప్పులు వెనకవైపు తెల్లగానే ఉంటాయి గదా అని, పాప బొమ్మలేసుకోవడానికి ఇంటికి తెచ్చేవాణ్ణి.

మా ఆవిడ వాటిని పాపకివ్వలేదు. నెలలవారీగా ఫైల్లో పెట్టింది.

పోయిన వేసవిలో బల్కంపేటలో చిన్న ఫ్లాట్ చూశాం. లోన్ కాగితాల కోసం పంజాగుట్టలో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్తే, మా ఆవిడ ఆ ఫైలు తీసి గర్వంగా బల్లమీద పెట్టింది. ఆయన నాలుగు స్లిప్పులు తిరగేసి, "జీతం మంచిగనే ఉంది సార్. ఏ బ్యాంకుల పడ్తది?" అన్నాడు.

అవి క్లాసులో సాధనకి చేసినవని, నాకొచ్చేది చేతికిచ్చే ఫీజేనని చెప్పాను. 

ఆయన నవ్వలేదు. "ఇగ నుంచి బ్యాంకులనే తీస్కోండి, రిటర్న్ వెయ్యండి. ఇసొంటి ఫీజులకు వచ్చినదాంట్ల సగం ఆదాయమని చూపిస్తే చాలు, చట్టమే ఒప్పుకుంటది. పట్టుకునే పన్ను సుత చాలామటుకు వాపస్ వస్తది. రెండేండ్ల రిటర్నులు చేతుల ఉంటే అప్పుడు లోన్ అడుగుదం," అన్నాడు. ఏడేళ్లు నేను కాపాడుకున్న పదోవంతు చాలావరకు తిరిగి నా దగ్గరికే వచ్చేదన్నమాట.

మా ఆవిడ ఫ్లాట్ సంగతి ఎత్తలేదు. స్లిప్పులో ఒక గడి మీద వేలు పెట్టింది.

"గీ పీఎఫ్ సుత ఉత్తదేనా?"

"అవును."

"గా పీఎఫ్ ఉందన్న ధీమాతోనే నా కుట్టుపని పైసలన్నీ ఇంట్ల ఖర్చు పెట్టిన."

నేనెప్పుడూ నీకు అబద్ధం చెప్పలేదు అనబోయి ఊరుకున్నాను.

ఇంటికి వస్తుంటే ఆటో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నీకేమన్న అయితే మాకేం లేనట్టే గదా," అంది. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. మామూలుగా అడిగింది.