నిలబడి ఉంటే ఎంత తాగుతుంది?

దోహా మొత్తానికి పెట్రోలు గురించి దిగులుపడే మనిషి ఆ రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. వాడికి కారు లేదు, లైసెన్సు లేదు (డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు పోయింది), మెడలో టై మాత్రం ఉండేది. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని కాకినాడ నుంచి దిగిన నన్ను ఒక కార్ల షోరూంలో 'గ్రీన్ అడ్వైజర్'గా కూర్చోబెట్టారు. ప్రతి కొత్త కారు అద్దానికీ ఒక చీటీ ఉండేది, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో, ఎంత పొగ వదులుతుందో చెబుతూ. అది చూపించి, తక్కువ తాగే కారేదో (ముఖ్యంగా పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్లు) కొనేవాళ్ళకు విడమరిచి చెప్పడం నా ఉద్యోగం. మంచినీళ్ళ సీసా కంటే పెట్రోలే చవకనుకునే ఊళ్ళో ఈ మాట చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఆ చెవిటివాడు 'ఏం కొరుకుతున్నావ్' అనైనా అడుగుతాడు, మా కస్టమర్లు అదీ అడిగేవారు కాదు.

అడిగితే మనవాళ్ళే అడగాలి. అల్ ముంతజాలో ఉండే ఒక ఇంజనీరు గారు ఐదు శుక్రవారాలు వరసగా సకుటుంబంగా వచ్చారు. "మైలేజీ ఎంతిస్తుంది బాబూ?" అంటూ నోటుబుక్కులో గళ్ళు గీసి, షోరూంలో ఉన్న ప్రతి కారు లెక్కా నాచేత చెప్పించుకున్నారు (ఈలోగా వాళ్ళ పిల్లలు డిక్కీల్లో దాగుడుమూతలు). ఆరో శుక్రవారం వచ్చి, అన్నిట్లోకీ ఎక్కువ తాగే ఎనిమిది సిలిండర్ల బండి కొన్నారు. "మరి ఆ లెక్కలన్నీ ఎందుకు సార్?" అంటే, "నాలెడ్జి కోసం బాబూ! ఇంత దూరం వచ్చి కూడా చిన్న కారు కొన్నానంటే మా అత్తారి వైపు వాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఆ నోటుబుక్కు నమిలి మింగేద్దామనిపించింది.

మా మేనేజరు హైదరాబాదాయన. ప్రతి మాటా 'ఇక పద' అనే అరబ్బీ 'యల్లా'తోనే మొదలుపెట్టేవాడని మేము ఆయన్ని యల్లా సార్ అనేవాళ్ళం. "యల్లా, మూడు నెల్లైతున్నది. ఒక్క హైబ్రిడ్ అన్న పోయిందా? గురువారం దాకా టైమిస్తున్న. అప్పటికి ఒక్కటి పోకపోతే నీ ప్రొబేషన్ ఖతం, టికెట్ నేనే బుక్ చేస్త," అన్నాడు ఒక ఆదివారం పొద్దున. ఒళ్ళు మండింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. వీధంతా స్వీట్లు పంచి విమానం ఎక్కినవాణ్ణి మరి.

బుధవారం ఒక ఖతరీ పెద్దాయన వచ్చాడు, మనవరాళ్ళను బడికి తీసుకెళ్ళడానికి కారు కావాలని. వెనకే ఆయన హౌస్ డ్రైవరు, రాయచోటి మనిషి. నేను గుక్క తిప్పుకోకుండా ఒక హైబ్రిడ్ చీటీ అంతా వల్లించాను. పెద్దాయన అరబ్బుల కాఫీ గహ్వా తాగుతూ, బాగుందన్నట్టు "జైన్, జైన్" అంటున్నాడు. డ్రైవరు నా చొక్కాకు తగిలించిన పేరు చదివి, తెలుగువాణ్ణని కనిపెట్టి, "సార్, ఒగ మాట. ఇది నిలబడుకోని ఉంటే ఎంత తాగుతాది?" అన్నాడు. "నడిస్తేనే తాగుతుంది అన్నా! కాస్త ఆగు, ఓనరుతో మాట్లాడుతున్నా కదా," అని విసుక్కున్నాను. నా ఉపన్యాసం ముగిశాక పెద్దాయన నా వైపు చూడనైనా చూడకుండా డ్రైవరును అడిగాడు, "సయ్యారా జైన్?", బండి బాగుందా, అని. "మాలూమ్ నహీ బాబా. సార్ జవాబ్ నహీ దియా," అన్నాడతను. పెద్దాయన "యల్లా" అని లేచాడు (ఆ మాటంటే నాకు అప్పటికే పడదు).

సెప్టెంబరు ఎండలో టై ఎగురుతుండగా వెనకాలే పరిగెత్తాను. "ఏమడిగావన్నా? మళ్ళీ ఒక్కసారి చెప్పు!"

"ఏం ల్యా సార్. బడికాడ దినామూ గంటన్నర లైన్లో ఉండాల. ఇంజను ఆపితే మనం ఉడికిపోతాం, ఆపకుంటే పొగంతా గేటుకాడ పిల్లోళ్ళ మింద పోతాది. మే నెలంతా మా ఇంటి మేడమ్ ఆపేయమనింది. తడిగుడ్డ నెత్తినేసుకోని కూసుంటి. దానికే అడిగితి."

చీటీని మనసులో తిరగేశాను. నూరు కిలోమీటర్లకు లెక్క ఉంది. కదలని గంటన్నరకు లేదు. మూడు నెలలుగా నేను కంఠతా పట్టిన కాగితంలో ఈ మనిషి రోజూ చేసే డ్యూటీకి చోటే లేదు. నిజంగా సిగ్గేసింది. "రా అన్నా, కూర్చుని చూద్దాం," అన్నాను.

పెద్దాయన ఇంకో గహ్వాకు ఒప్పుకున్నాడు. మేమిద్దరం షోరూం ముందు ఎండలో, హైబ్రిడ్ కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాం. రెండు నిమిషాలకే ఇంజను చప్పున ఆగిపోయింది. "చచ్చింది! ఇవాళే చావాలా!" అని కేక పెట్టి తలుపు తెరవబోయాను (హైబ్రిడ్ల మీద ఊరందరికీ పాఠాలు చెప్పిన నేను, దాంట్లో కూర్చోవడం అదే మొదటిసారి). డ్రైవరు నా చెయ్యి పట్టుకుని ఏసీ గాలికి అడ్డంగా పెట్టి, ఎదురుగా వెలుగుతున్న బ్యాటరీ బొమ్మ చూపించాడు. "ఉండు సార్. చల్లగాలి వస్తానే ఉండాది. ఇంజను ఒగటే పండుకునింది. ఏసీని బ్యాటరీ నడిపిస్తాంది." అరగంట సేపు ఫోన్లో టైము చూసుకుంటూ, ఇంజను ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడుకుందో లెక్కపెట్టాడు. పడుకున్నదే ఎక్కువ. లోపలికెళ్ళి, "బాబా, జైన్," అన్నాడు. పెద్దాయన ఆ రోజే సంతకం పెట్టేశాడు.

"యల్లా, ఏం చెప్పి అమ్మినవ్?" అన్నాడు యల్లా సార్, నమ్మలేక.

"చెప్పలేదు సార్, అరిచాను," అన్నాను.

ఇప్పుడు నాకు లైసెన్సు ఉంది (ఐదోసారికి వచ్చింది), సొంత హైబ్రిడ్డూ ఉంది. మధ్యాహ్నాలు మా అమ్మాయి బడి ముందు అలాంటి లైన్లోనే ఉంటాను. ఇంజను ఆగిన ప్రతిసారీ గుండె గతుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే ఏసీ దగ్గరకు పోతుంది. చల్లగాలి తగిలాక, టై కట్టుకుని అందరికీ పాఠాలు చెప్పిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడి చేతికి ఆ గాలి తగిలించడానికి రాయచోటి నుంచి ఒక మనిషి రావలసి వచ్చింది.