కోట వాకిట్లో పెద్దక్క

మూడేళ్ళ కిందటి మాట. వేసవి ఇంకా ముదరలేదు. అప్పటికి నేను ఉదయగిరి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా చేరి ఎనిమిదేళ్ళు. కలిగిరి నుంచి అనంతసాగరం దాకా ఎన్ని మందలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించానో లెక్కే లేదు. సినిమా షూటింగుకు డ్యూటీ పడటం మాత్రం అదే మొదలు, ఇప్పటిదాకా అదే చివర.

సినిమాలో జంతువులు కనబడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. అంటే, ఈ జంతువు ఆరోగ్యంగా ఉంది, షూటింగుకు పనికొస్తుంది అని డాక్టరు రాసిచ్చే కాగితం. షూటింగు జరిగినంతసేపూ డాక్టరు పక్కనే ఉండాలి. జంతువులు బెదిరితే ఆపించే అధికారం కూడా డాక్టరుదే. ఆ అధికారం చూసుకుని ఆ రోజు నేను కాస్త ఎగిరిపడ్డానని ముందే ఒప్పుకుంటున్నాను.

అదొక పెద్ద చారిత్రక సినిమా. నాలుగేళ్ళుగా తీస్తున్నారట. ఒక దేశంలో కాలం రాకముందే మంచు కురిసి సెట్టు కూలిపోయింది. ఇంకో దేశంలో గుర్రాలు వచ్చాయి గానీ హీరో రాలేదు. తీరా వచ్చిన మూడో రోజే కాలు విరగ్గొట్టుకున్నాడు. మరో దేశంలో గొర్రెల మంద సీను సగం తీశాక అనుమతి రద్దయింది. అన్నీ తిరిగి తిరిగి ఆఖరి షాటుకు మా ఉదయగిరి కోటకు వచ్చారు. శత్రువులు చుట్టుముట్టిన కోటలో సైనికులు ఆకలితో అలమటిస్తుంటే, ఊళ్ళవాళ్ళు తమ మందను తోలుకొచ్చి కోట వాకిలి లోపలికి పంపిస్తారు. అదే కథకు ముగింపు.

అనుమతి ఆ ఒక్కరోజుకే, అదీ పొద్దుగూకే దాకా. డైరెక్టరు గారు యాభై దాటిన బక్కపలచని మనిషి. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నాలుగేళ్ళుగా ఇంట్లోవాళ్ళకు నా మొహం చూపించింది లేదు. ఈ షాటు వస్తే సినిమా పూర్తయినట్టు. రాకపోతే మళ్ళీ తీసే ఓపిక నిర్మాతకూ లేదు, నాకూ లేదు. తీసిందంతా డబ్బాల్లో పడి ఉండాల్సిందే" అన్నాడు.

మంద మాలకొండయ్యది. వింజమూరు దారిలో ఉండే గొర్రెల కాపరి, అరవై ఏళ్ళవాడు. నూట ఎనభై గొర్రెలూ మంచి ఎత్తు, తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ నలుపు. వాటితోపాటు ఏడు మేకలు కూడా వచ్చాయి. మా వైపు ఏ మందలోనైనా నాలుగు మేకలు ఉంటాయి. ఎవరూ వాటిని విడిగా చెప్పరు. గొర్రెల మంద అంటే అందులో మేకలూ ఉన్నట్టే. నేనూ అదే అలవాటులో ముందుగా ఇచ్చిన సర్టిఫికెట్ ఫారంలో "గొర్రెలు 180" అని రాసి ఊరుకున్నాను.

అసిస్టెంట్ డైరెక్టరు నిత్య హైదరాబాదు పిల్ల, మహా చురుకు. కంటిన్యుటీ ఆమె బాధ్యత. అంటే, ఒక దేశంలో తీసిన ముక్కా ఇంకో దేశంలో తీసిన ముక్కా తెర మీద అతుకు కనబడకుండా కలవాలి. "మేడమ్, పర్మిషన్‌లో మేకలు లేవు. ఫారిన్‌లో తీసిన మందలో కూడా లేవు" అంది.

"కాగితంలో లేని జంతువు కెమెరా ముందుకు రాకూడదు" అన్నాను నేను దర్జాగా.

మాలకొండయ్య ముందుకొచ్చాడు. "అది కాదు డాక్టరమ్మా..."

"నువ్వుండు మాలకొండయ్యా, ఇది రూల్సు సంగతి" అని నోరు మూయించాను. ఆయన మేకలను తీసుకుపోయి దిగువన తుమ్మచెట్టు నీడన కట్టేసి, తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు.

పది గంటలకు మొదలుపెట్టారు. గొర్రెలు వాకిలి దాకా బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక్కటీ కదిలితే ఒట్టు. ఊళ్ళవాళ్ళ వేషాలు వేసిన వంద మంది వెనకనుంచి అదిలించారు. పచ్చగడ్డి చూపించారు. డప్పులు తెప్పించబోతే నేను కేకలేశాను. జంతువుకు ఫ్లైట్ జోన్ అని ఒకటుంటుంది. మనిషి ఎంత దగ్గరికొస్తే అది పరుగు తీస్తుందో ఆ దూరం. దాన్ని దాటి మీద పడితే మంద దారి తప్పి పరుగెడుతుంది. అదే జరిగింది. గొర్రెలన్నీ కలిసి డైరెక్టరు గొడుగు కిందికే పోయాయి.

మధ్యాహ్నం మూడయింది. డైరెక్టరు తల పట్టుకుని రాతిమెట్టు మీద కూలబడ్డాడు. నాకు తిక్క రేగి నేరుగా తుమ్మచెట్టు దగ్గరికి పోయాను.

"ఏంది మాలకొండయ్యా, నీ గొర్రెలు ఇట్టా మొండికేసినాయి?"

"మొండి గాదమ్మా, భయం. లోపల చీకటిగా ఉండాది. పెద్దక్క ముందు పోతేనే అవి పోయేది" అని ముసలి మేకను చూపించాడు. మెడలో గంట, విరిగిన కొమ్ము, తీరిగ్గా తుమ్మకాయ నములుతోంది.

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చెప్పనిస్తే గదమ్మా!"

తల కొట్టేసినట్టయింది. వెలుగులోంచి చీకట్లోకి గొర్రె తనంతట తాను అడుగు పెట్టదనీ, మేక జంకకుండా పోతుందనీ నేను కాలేజీలో చదివి పరీక్ష రాసిన సంగతే. అక్కడికక్కడే ఏడు మేకలకూ జ్వరం చూశాను, కళ్ళూ గిట్టలూ చూశాను. సర్టిఫికెట్ రాసి, అనుమతిచ్చిన ఆఫీసుకు ఫోను చేసి, నా తప్పు ఒప్పుకుని, ఫోటో పంపి మేకలను చేర్పించాను. నాలుగున్నర అయింది.

ఇప్పుడు నిత్య అడ్డం పడింది. "కంటిన్యుటీ పోతుంది మేడమ్! చూడండి" అని ట్యాబు మీద ఫారిన్ మందను చూపించింది. మాలకొండయ్య కూడా తొంగి చూశాడు.

"ఇవేందమ్మా, కంబళ్ళు కప్పుకోనుండాయి?"

చూస్తే నిజమే. అక్కడివన్నీ ఒంటినిండా ఉన్ని ఉన్న గొర్రెలు. మా నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు.

"దుమ్ములో తెలియదు తాతా" అంది నిత్య నెమ్మదిగా.

"ఆ దుమ్ములో నా మేకలే తెలస్తాయా?"

ఆ మాటకు డైరెక్టరు పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి నిత్యా, నేనూ, వేషాలేసుకున్న వంద మందీ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. "పెద్దక్కను పిలవండి!" అని ఆయనే లేచి అరిచాడు.

మాలకొండయ్య మేకలను మందలో కలిపి, కెమెరాకు కనబడకుండా వెనక రాళ్ళ చాటున కూర్చుని నాలుకతో చిన్నగా చప్పుడు చేశాడు. పెద్దక్క గంట మోగించుకుంటూ మంద ముందుకొచ్చింది. వాకిట్లో ఆగి, ఒకసారి మెడ తిప్పి వెనక్కి చూసి లోపలికి నడిచింది. దాని వెనకే నూట ఎనభై గొర్రెలూ కాలవ తెగినట్టు పోయాయి. డైరెక్టరు కళ్ళనిండా నీళ్ళు. ఎందుకైనా మంచిదని ఇంకొక్కసారి తీద్దామన్నారెవరో. "పోయింది గదా సామీ, మళ్ళా పోవడానికి అదేమన్నా యాక్టరా?" అన్నాడు మాలకొండయ్య.

సినిమా ఆత్మకూరులో ఆడినప్పుడు ఆయన్ని వెంటబెట్టుకుని పోయాను. మంచుకొండలు చూశాం, ఎడారులు చూశాం, కాలు బాగైన హీరోనూ చూశాం. చివర్లో పెద్దక్క వాకిట్లో ఆగి వెనక్కి చూడగానే హాలంతా ఈలలు. ఊరికి కడసారి వీడ్కోలు చెబుతోందని నా పక్కన కూర్చున్నామె కొంగుతో కళ్ళొత్తుకుంది. మాలకొండయ్య నా చెవిలో, "వీడ్కోలూ లేదు ఏమీ లేదు డాక్టరమ్మా. నేను యాడుండానో చూసుకోని పోయింది" అన్నాడు.

ఇప్పుడు నా ఫారాల్లో మేకలకు వేరే వరస ఉంది. అది చిన్న సంగతి. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా నేను కూడా ఒకసారి ఆగి వెనక్కి చూస్తాను, మందను మేపేవాడు ఎక్కడున్నాడా అని. వాడు ఏదో చెప్పబోతుంటే మాత్రం, నేను నోరు మూసుకుంటాను.