మణిశంకర్ గారి కొత్త పాస్‌వర్డ్

పాలకొల్లులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, రోగుల వివరాలన్నీ ఉండే డేటాబేస్ సర్వర్ మణిశంకర్ గారి చేతిలో ఉంటుంది. నెలకోసారి, వర్జ్యం దాటాక, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మారుస్తారు. ఎక్కడా రాయరు, ఎవరికీ చెప్పరు. చిన్నప్పుడు వేదం నేర్చినట్టే ముప్పై అక్షరాలనీ కళ్లు మూసుకుని మూడుసార్లు వల్లిస్తారు, అంతే.

ఈ ఉదయం కొత్తది పెట్టగానే నర్సు లావణ్య, "కాస్త రాసిపెట్టండి సార్, మీకేమన్నా అయితే మా గతేంటి?" అంది.

"కాగితం చూసి చెప్పేదీ ఓ చదువేనా లావణ్యమ్మా?" అని ఆయన వెక్కిరించారు.

మధ్యాహ్నం ఆమే పరుగున వచ్చింది. "సర్వర్ ఆగిపోయి పాస్‌వర్డ్ అడుగుతోంది సార్! ఆపరేషన్ బల్ల మీద మనిషున్నాడు, అతనికి ఏ మందు పడదో చూడాలి."

మణిశంకర్ గారి పెదవులు కదిలి, ఆగాయి. ఆమె వంక మర్యాదగా చూసి, "మీరెవరండీ?" అన్నారు.