వేలు పడని సూర్యాస్తమయం

దేశం కాని దేశంలో పొద్దు వాలితే చాలు, టైలరమ్మ యాత్ర బస్సు దిగి పడమటికి తిరిగి నిలబడుతుంది. కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంది, నాలుక కొస పంటికింద చేరుతుంది, ఫోన్ పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి మిషను మీద గుడ్డను నొక్కిపట్టిన ఎడమచేతి చూపుడువేలు మాత్రం ఊరుకోదు. అలవాటుగా వెళ్లి కెమెరా కంటిమీద కూర్చుంటుంది. తీసిన ప్రతి సూర్యాస్తమయంలోనూ ఓ మూల ఆ వేలే. "వదినా, సూర్యుడు నీ వేలికి జడిసి దిగిపోతున్నాడే!" అంటూ ఆడపడుచు ఆ ఫోటోలు బస్సంతా తిప్పేది.

రేపు ఇంటికి విమానం. మచ్చలేని సూర్యుడు ఒక్కడూ చేతికి రాలేదు. ఆ సాయంత్రం సముద్రపు గట్టుమీద టైలరమ్మ సంచిలోంచి, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి తొడుగు తీసి ఆ వేలికి తొడిగింది. ఫోన్ ఎత్తగానే ఇత్తడి కెమెరా అద్దానికి తగిలి టక్కుమంది. వేలు జరిపింది. మళ్లీ టక్కుమంది, ఇంకాస్త జరిపింది. ఈసారి చప్పుడు లేదు. నొక్కింది. ఎర్రటి నీళ్లమీద సూర్యుడు గుండ్రంగా, నిండుగా పడ్డాడు.

ఆడపడుచు ఫోన్ లాక్కుని అన్ని మూలలూ వెతికింది. "ఇది నువ్వు తీశావంటే ఎవరు నమ్ముతారు? వేలేదీ?"

"ఇదిగో!" టైలరమ్మ చెయ్యి పైకెత్తింది. చివరి ఎండ పడి ఇత్తడి తొడుగు ధగధగలాడింది.