సీసాల వరస

డెబ్బైల మొదట్లో తెనాలిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చేవాణ్ణి. లోకంలో ఉన్నదంతా కొన్ని పదుల మూలకాల కలయికేనని పిల్లలకు చెప్పేటప్పుడు, వాటన్నిటినీ నేనే కనిపెట్టినంత పొగరు నాకు.

ల్యాబ్ అటెండరు రేపల్లె మనిషి. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఇంగ్లీషు చదవడం రాదు, సీసాల్ని చోటును బట్టే గుర్తుపట్టేవాడు. అలమరలో ఎడమ చివర భాస్వరం. గాలి తగిలితే అంటుకుంటుంది కాబట్టి నీళ్ళలో ఉంచుతాం. కుడి చివర సోడియం. నీళ్ళు తగిలితే పేలుతుంది కాబట్టి కిరసనాయిల్లో ఉంచుతాం. రెండూ ఒకేలాంటి గోధుమరంగు సీసాలు. ప్రతి సోమవారం పొద్దున్నే వచ్చి, దేంట్లో ఏది తగ్గితే అది పోసేవాడు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా పొరబడలేదు.

ఒక శనివారం సాయంత్రం, అతను ఊరికి వెళ్ళాక, నాకో బుద్ధి పుట్టింది. మూలకాల పట్టికలో ఉన్నట్టే సీసాలూ ఉండాలని అలమరంతా మార్చేశాను. పట్టికలో ఎడమ చివరి గ్రూపుది కదా, సోడియం ఎడమ చివరికి వచ్చింది. సోమవారం చెబుదాంలే అనుకున్నాను. ఆ సోమవారం రైలు ఆలస్యమైంది.

నేను వచ్చేసరికి అతన్ని రిక్షా ఎక్కిస్తున్నారు. మొహం మీద తడిగుడ్డ. ల్యాబ్‌లో బల్ల మీద పగిలిన సోడియం సీసా, పక్కన నీళ్ళ చెంబు. అందరూ రిక్షా వెంట పోయారు. నేను తలుపేసుకుని, మిగిలిన సీసాలన్నిటినీ మళ్ళీ పాత చోట్లలో సర్దేశాను. ఒక్క సీసా కూడా తప్పు పెట్టలేదు. ఛీ, అదీ ఒక బతుకేనా.

అతనికి రెండు కళ్ళూ పోయాయి. కిరసనాయిలు వాసన తెలీలేదా అని కాలేజీవాళ్ళు విచారణలో అడిగితే, "ఆ గదిలో అన్నీ వాసనలేగదండి" అన్నాడు. వాళ్ళు అలమర చూసి, భాస్వరం సీసా దాని చోటే ఉందనీ, ఇతనే నిర్లక్ష్యంగా వేరేది తీశాడనీ రాశారు. ఉద్యోగం ఊడింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, సీసాలు మార్చింది నేనని చెప్పలేదు. నా ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన ఏడాది అది. అంతకు మించి కారణమేమీ లేదు.

మూడు నెలల తర్వాత రేపల్లె వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి, భార్యను టీ పెట్టమన్నాడు.

"మాస్టారూ, ఒకటి అడుగుతా, ఏమనుకోమాకండి. నేను ఎడం చివరిదే తీశానండి. నా చేతికి ఇప్పటికీ తెలుసు. మీరేమన్నా అటూ ఇటూ మార్చారా?"

భార్య టీ గ్లాసు అతని చేతికందించి, నా వైపు చూసింది.

"లేదు బాబాయ్," అన్నాను.

అతను టీ తాగకుండానే, నేలను తడుముకుని గ్లాసు కింద పెట్టాడు.

"అయితే నేనే పొరబడ్డానండి," అన్నాడు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని అనుమానించాను. తప్పయిపోయింది మాస్టారూ, మనసులో పెట్టుకోమాకండి."