అడగకముందే వచ్చే చెయ్యి

"మీరు నా పిల్లల్ని పాడుచేస్తున్నారు సిస్టర్."

"పాడుచేయడమా? ఇరవయ్యారేళ్ళుగా వాళ్ళ పరువు కాపాడుతున్నాను సార్."

"నేనూ అదే అంటున్నాను."

బట్టలు మార్చుకునే గదిలో, ఆకుపచ్చ చొక్కాలో తల దూర్చిన చిన్న డాక్టరు చేతులు దూర్చడం మరిచిపోయి అలాగే బిగుసుకుపోయాడు. గోడ అవతలి గొంతులు రెండూ తెలిసినవే. ఒకటి ఆర్నెల్ల కిందట యూరాలజీ విభాగానికి పెద్దగా వచ్చిన సారుది. రెండోది ఆపరేషన్ థియేటర్లో పనిముట్లు అందించే సిస్టరక్కది.

"ఈ మార్కుల కాయితాలు చూడండి. మీరున్న రోజు ప్రతివాడికీ పరికరాల ఎంపికలో అయిదుకి అయిదు. మీరు సెలవు పెట్టిన రోజు అదే మనిషికి రెండు. రాత్రికి రాత్రి మతి పోతుందా ఎవడికైనా?"

"నేను లేకపోతే కంగారు పడతారు, పాపం."

"కంగారు కాదు. ఇన్నాళ్ళూ ఈ మార్కులన్నీ మీకు పడుతున్నాయి, వాళ్ళకి కాదు."

అక్క కాయితాలు ఒక్కొక్కటే తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఇవాళ పరీక్షలో చిన్న డాక్టరు పనిముట్టు పేరు పెట్టి అడిగేదాకా మీరు ఏదీ ఇవ్వరు. సైగలొద్దు. దగ్గడం కూడా వద్దు."

"నిజంగా దగ్గొస్తే?"

"మింగెయ్యండి."

చిన్న డాక్టరు ఒక్కో చెయ్యీ చొక్కాలోకి దూర్చుకున్నాడు. ఇవాళ్టి పరీక్ష గట్టెక్కితేనే, రాళ్ళు తీసే ఆపరేషన్లు అతను సొంతంగా చేయొచ్చని పెద్దసారు సంతకం పెడతాడు. లేకపోతే ఎప్పటిలాగే ఒకరి భుజం వెనక నిలబడి మెడ సాచాలి. అతనితోపాటు చేరినవాడికి పోయినవారమే సంతకం పడింది. అప్పట్నుంచి వాడు లిఫ్టులో కూడా సలహాలిస్తున్నాడు.

సిస్టరక్క పొట్టి మనిషి. రెండు మెట్ల పీట మీద నిలబడి పని చేస్తుంది. డాక్టరు మొహం చూడదు, రోగి లోపలి బొమ్మ కనిపించే తెరకేసి చూస్తుంది. అతను ఊపిరి బిగబట్టిన తీరుని బట్టి ఏం కావాలో పోల్చుకుంటుంది. కావలసింది ఫలానా అని అతనికి తట్టేలోపు అది అతని అరచేతిలో ఉంటుంది. ఇంట్లోనూ అంతే. దేవుడు తనకి నోరెందుకిచ్చాడో తెలీదని వాళ్ళాయన కనపడినవాళ్ళందరితో వాపోతుంటాడు. కళ్ళజోడు అనుకుంటే చాలు, ముక్కు మీదకొచ్చి కూర్చుంటుందట.

బల్ల మీద రోగి రిటైరైన బస్సు డ్రైవరు. నడుము నించి కిందకి మత్తిచ్చారు, పైభాగం పూర్తి స్పృహలో ఉంది. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు. మూత్రనాళంలో శనగగింజంత రాయి. ముందు సన్నటి వైరొకటి రాయి పక్కనుంచి కిడ్నీ దాకా పంపాలి. తక్కిన పనిముట్లన్నీ ఆ వైరు దారి పట్టుకునే వెళతాయి.

చిన్న డాక్టరు స్కోపనే సన్నటి కెమెరా గొట్టం దించి, నాళం మొదలు కనిపెట్టి, వైరు తోశాడు. రాయికి కొట్టుకుని వెనక్కి మడతపడింది. రెండోసారీ అంతే. అలవాటు చొప్పున అరచెయ్యి కుడివైపు చాపాడు. ఎప్పుడూ సరిగ్గా ఇక్కడే చేతిలో ఏదో పడేది, మూడోసారి వైరు వెళ్ళిపోయేది. మూడోసారి ఊపిరి బిగబడితే వెళుతుందని జూనియర్లకి తన సొంత కిటుకుగా నేర్పాడు కూడా.

ఇవాళ చేతిలో ఏమీ పడలేదు. తిరిగి చూస్తే అక్క రెండు చేతులూ ఛాతీ దగ్గర కట్టేసుకుని, పోలీసులు పట్టుకున్న మనిషిలా నిలబడి ఉంది.

"వైరక్కా."

"ఏ వైరు బాబూ?"

"అదే... వైరు."

ట్రాలీ మీద నాలుగు రకాల వైర్లున్నాయి. ఆ సంగతి చిన్న డాక్టరు అప్పుడే చూశాడు.

గుడ్డ అవతలి నించి డ్రైవరు గొంతు వినిపించింది. "అమ్మా, పాపం అంతలా అడుగుతున్నాడు. ఏదో ఒకటి ఇచ్చెయ్యరాదూ?"

"మీరు కదలకుండా పడుకోండి," అన్నాడు పెద్దసారు.

"పడుకునే ఉన్నానుగా సార్."

"తడిగా ఉంటుందక్కా," అని నీళ్ళు నమిలాడు చిన్న డాక్టరు. "చేతిలో నిలవదు. మీరెప్పుడూ ఇచ్చేది."

"పేరు చెప్పాలట బాబూ."

తెర మీద వైరు రాయికి ఆనుకుని వంగి ఉంది. గట్టిగా తోస్తే వెళ్ళొచ్చు. సంతకమూ పడొచ్చు. చిన్న డాక్టరు వేళ్ళు ఒక క్షణం బిగుసుకున్నాయి. తర్వాత వైరు వదిలేశాడు.

"నాకు తెలీదు సార్. ఇంకా తోస్తే నాళానికి చిల్లు పడుతుంది. ఆపేస్తున్నాను. మీరు రండి."

"చిల్లా?" అన్నాడు డ్రైవరు.

"పడలేదు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"జారుడు పూత వైరు," అన్నాడు పెద్దసారు. మాట పూర్తయ్యేలోపే అది చిన్న డాక్టరు చేతిలో ఉంది. రాయి పక్కనుంచి నూనె రాసినట్టు జారిపోయింది. ఆ తర్వాత అతను ప్రతిదీ పేరు పెట్టి, వేలంపాట గొంతుతో అడిగాడు. రాయి పగలగొట్టడానికి లేజరన్నాడు. నాళం మూసుకుపోకుండా లోపల ఉంచే స్టెంటన్నాడు. తన ముక్కు కిందే ఉన్న దూదిని కూడా అడిగి పుచ్చుకున్నాడు.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర మార్కుల కాయితం చూసుకున్నాడు. పరికరాల ఎంపికకి ఒకటి. ఎక్కడ ఆగాలో తెలియడానికి అయిదు. సంతకం ఉండాల్సిన చోట, వచ్చే నెల మళ్ళీ అని రాసి ఉంది. మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ కాసేపు నీళ్ళు అలా పోనిచ్చాడు.

అక్క వచ్చి పక్క కుళాయి తిప్పింది.

"నాలుగు వైర్లున్నాయని మీకు నేనే చెప్పలేదు బాబూ."

"నేనూ అడగలేదుగా అక్కా."

"మిమ్మల్ని అడగనిస్తే కదా." చేతులు తుడుచుకుని, ఆ చేతులకేసే కోపంగా చూసింది. "ఇవి నా మాట వినవు. సారు పేరు చెప్పక ముందే వైరు తీసేసి గుడ్డ కింద పట్టుకున్నాను. రేపు రెండు కేసులున్నాయి. ఒక్క పని చేసిపెట్టండి. నేను ముందే పనిముట్టు చాపినా తీసుకోవద్దు. అదేంటో, ఎందుకో మీ నోటితో చెప్పేదాకా అలా చాచుకునే ఉండనివ్వండి. చెయ్యి నొప్పెడితే పెట్టనీ."