గడియారం సాక్ష్యం

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కెర్నెలమ్మ అనేవారు. రేకులు నొక్కే ప్రెస్సుల కంప్యూటర్లకు కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము, రాసేది ఆమే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత ఆమె గుమ్మం తొక్కలేదు. చెయ్యి అంతకంటే దురుసు.

ఆ ఉదయం ప్రెస్సును నడిపే ప్రోగ్రాము చేసిందే చేస్తూ ఒక లూపులో ఇరుక్కుపోయింది. ఆగాల్సిన ప్రెస్సు ఆగలేదు. రేకు సర్దుతున్న ఆమె తమ్ముడి కుడి అరచేతి మీద నలభై టన్నులు దిగాయి, లేచాయి, మళ్లీ దిగాయి. మూడోసారి దిగేలోపు పక్కవాడు మెయిన్ స్విచ్ లాగాడు. రేకు మీద మిగిలినదాన్ని చూసి అక్కడే కక్కుకున్నాడు.

కెర్నెలమ్మ స్పానర్ పట్టుకుని ఫోర్‌మన్ గదిలోకి దూసుకెళ్లింది. పని చేసే ప్రోగ్రాము సెకనుకోసారి బతికే ఉన్నానని గుర్తు పెట్టాలి. గుర్తు పడకపోతే వాచ్‌డాగ్ అనే కాపలా పరికరం ప్రెస్సుకు కరెంటు తెంచేయాలి. ఆ కాపలా పెట్టింది ఆమె. ఊరికే మిషన్ ఆపేస్తోంది, తీసెయ్యమని గోల పెట్టినవాడు ఫోర్‌మన్.

"తీసేశావు కదరా! నా తమ్ముడి చెయ్యి మింగేశావు కదరా!"

ఒక్క దెబ్బకు దవడ పగిలింది. రెండో దెబ్బకు రెండు పళ్లు రాలాయి.

"ఒట్టమ్మా, నేను ముట్టుకోలేదు," అన్నాడతను నెత్తురు ఉమ్ముతూ. "మిషన్ రాసుకునే లాగ్ ఉంది కదా, చూసుకోండి."

చూసింది. వాచ్‌డాగ్ మేలుకునే ఉంది. స్విచ్ లాగేదాకా సెకనుకోసారి గుర్తు పడుతూనే ఉంది. ప్రోగ్రాము ఇరుక్కుపోతే గుర్తు పెట్టిందెవరు? టైమర్ ఇంటరప్టు: ప్రోగ్రాము ఏమైపోయినా గడియారంలా తనపాటికి తాను కొట్టుకునేది.

గురివిందకు తన నలుపు తెలియదంటారు. ఆమెకు తన నలుపు అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట పరీక్షల్లో వాచ్‌డాగ్ ఉత్తపుణ్యానికి మొరుగుతోందని, గుర్తు పెట్టే ఆ ఒక్క లైనును ప్రోగ్రాములోంచి తీసి టైమర్లో పెట్టింది. ఒక్క పూటకే అనుకుని మరిచిపోయింది. ఇంట్లో మనిషి పోయినా గోడగడియారం ఆగదు కదా. ఆ మాత్రం ఇంగితం ఆ పూట ఏ గంగలో కలిసిందో!

స్పానర్ వదలకుండానే ఆసుపత్రికి వెళ్లింది. తమ్ముడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర ముగిసింది.

"వాడి దవడ పగలగొట్టావటగా అక్కా. మంచి పని చేశావ్."

"వాడు కాదురా. నేనే." జరిగింది మొత్తం చెప్పి, స్పానర్ అతని ఎడమ చేతిలో పెట్టింది.

అతను బలంకొద్దీ విసిరాడు. అది ఆమె చెవి పక్కగా పోయి గోడకు తగిలింది.

"కుడి చెయ్యి ఉంటే గురి తప్పేది కాదక్కా," అన్నాడు ఏడుస్తూ.

ఆమె వెళ్లి దాన్ని తీసుకొచ్చి, మళ్లీ అతని చేతిలో పెట్టింది.